పిల్లల గదికి కొత్త చెక్క పనా? కొటేషన్‌తో పాటు గాలి లెక్క కూడా వేయండి



వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. చాలా ఇళ్లలో ఇంటి పనులు పెట్టుకోవడానికి వీలు దొరికేది ఈ రోజుల్లోనే. "వచ్చే ఏడాది టెన్త్, పిల్లకు విడిగా ఒక గది ఉండాలి" అనుకుంటాం. కార్పెంటర్‌ను పిలుస్తాం. వార్డ్‌రోబ్, స్టడీ టేబుల్, దాని మీద పుస్తకాల ర్యాక్, కింద స్టోరేజీ ఉన్న మంచం, గోడలకు లప్పం, కొత్త రంగు, ఒక ఏసీ. చదరపు అడుగుకు ఎంత, సన్‌మైకా ఏ రంగు, హ్యాండిళ్లు ఏ మోడల్ అని వారం రోజులు మాట్లాడతాం. ఆ గదిలో పిల్లలు పీల్చే గాలి ఎలా ఉంటుందని మాత్రం అడగం. పని పూర్తయ్యాక తలుపు తీయగానే ముక్కుకు, కళ్లకు తగిలే ఘాటును "కొత్త వాసన" అని మురిసిపోతాం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పిల్లల గదికి చెక్క పని చేయించే ప్రతి ఇంట్లో, డబ్బుల కొటేషన్ పక్కనే గాలి కొటేషన్ కూడా ఉండాలి. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఒక కూడిక, రెండు గుణకారాలు, ఒక భాగహారం. సీనియర్ క్లాసులకు కెమిస్ట్రీ చెప్పే టీచర్‌గా చెబుతున్నాను, మీ తొమ్మిదో తరగతి అమ్మాయి ఈ లెక్క మీకు వేసి పెట్టగలదు. పని మొదలుకాక ముందు వేస్తేనే దానివల్ల ఉపయోగం.

ఆ ఘాటు ఎక్కడిది?

ప్లైవుడ్ అంటే పలుచని చెక్క పొరలను బంకతో అతికించి ఒత్తిన పలక. పార్టికల్ బోర్డు అంటే చెక్క ముక్కలు, ఎండీఎఫ్ అంటే చెక్క నార. వాటినీ బంకతో కలిపి ఒత్తుతారు. చవక రకాల్లో ఎక్కువగా వాడే బంక యూరియా ఫార్మాల్డిహైడ్. గాలిలోని తేమ, వేడి తగిలినప్పుడల్లా ఆ బంక కొద్దికొద్దిగా విడిపోతూ ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతుంది. ఈ పని వారం రోజుల్లో ఆగదు. మొదట్లో ఎక్కువగా, తర్వాత తక్కువగా, ఏళ్ల తరబడి సాగుతుంది.

ఈ వాయువు కళ్లను, ముక్కును, గొంతును మండిస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఇబ్బంది పెంచవచ్చు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి గ్రూపులో చేర్చింది. ఆ నిర్ణయానికి ఆధారం ప్రధానంగా ఫ్యాక్టరీల్లో, పని చోట్ల పెద్ద మోతాదులో పీల్చినవారి మీద జరిగిన పరిశీలనలు. మన ఇంటి వార్డ్‌రోబ్‌ను చూసి హడలిపోవాల్సిన పని లేదు. పట్టించుకోకుండా వదిలేయాల్సిన విషయం కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఇంటి లోపలి గాలికి ఒక హద్దు చెప్పింది: ఏ అరగంట సగటు తీసుకున్నా ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు దాటకూడదు. ఈ వ్యాసమంతా ఆ 100ను గుర్తు పెట్టుకోండి.

మన దేశంలో 2009లో ప్రకటించిన గాలి నాణ్యతా ప్రమాణాల జాబితాలో 12 కాలుష్యాలు ఉన్నాయి. ఫార్మాల్డిహైడ్ వాటిలో లేదు. పైగా ఆ ప్రమాణాలు బయటి గాలికి సంబంధించినవి. టీవీలో రోజూ చెప్పే గాలి నాణ్యత అంకెకు, మీ అబ్బాయి గదిలోని గాలికి ఈ విషయంలో సంబంధం లేదు. మన గది లెక్క మనమే వేసుకోవాలి.

లెక్క ఇదీ

గదిని ఒక నీళ్ల తొట్టి అనుకోండి. పైన కుళాయి నుంచి నీళ్లు పడుతున్నాయి, కింద చిల్లు నుంచి పోతున్నాయి. వచ్చేదీ పోయేదీ సమానమైన చోట నీటి మట్టం నిలబడుతుంది. ఇక్కడ కుళాయి చెక్క, చిల్లు కిటికీ, మట్టం గాలిలోని గాఢత.

గాఢత = (చదరపు మీటరు బోర్డు గంటకు వదిలే వాయువు × బోర్డు వైశాల్యం) ÷ (గది ఘనపరిమాణం × గంటకు గది గాలి మారే సార్లు)

నాలుగు అంకెలు దొరికితే చాలు. రెండు టేపుతో కొలిచేవి. ఒకటి బోర్డు మీద ఆధారపడేది. ఒకటి మన అలవాట్ల మీద ఆధారపడేది.

బోర్డు అంకె ఎక్కడ దొరుకుతుంది? యూరప్ వాళ్ల ఈ-1 తరగతి బోర్డును ఒక పెట్టెలో పెట్టి పరీక్షిస్తారు. 23 డిగ్రీల వేడి, 45 శాతం తేమ, ఘనపు మీటరు గాలికి ఒక చదరపు మీటరు బోర్డు, గంటకు ఒకసారి గాలి మార్పు. ఆ పెట్టెలో గాఢత ఘనపు మీటరుకు 124 మైక్రోగ్రాములు దాటకపోతే బోర్డు పాస్. ఈ అంకెలను మన సూత్రంలో పెడితే, హద్దు మీద ఉన్న ఈ-1 బోర్డు చదరపు మీటరుకు గంటకు 124 మైక్రోగ్రాములు వదులుతున్నట్టు లెక్క. ఏ ముద్రా లేని చవక బోర్డు ఇంతకన్నా ఎక్కువ వదలవచ్చు.

మన గదికి వేసి చూద్దాం

గది 10 అడుగులు, 12 అడుగులు. ఎత్తు 10 అడుగులు. అంటే 1,200 ఘనపు అడుగులు, సుమారు 34 ఘనపు మీటర్లు.

సన్‌మైకా బాగా అతికించిన ముఖాల నుంచి వాయువు చాలా తక్కువగా వస్తుంది కాబట్టి వాటిని ప్రస్తుతానికి వదిలేద్దాం. కప్పకుండా వదిలేసిన చెక్కనే కొలుద్దాం. వార్డ్‌రోబ్ వెనక పలక, అరల అడుగు భాగాలు, డ్రాయర్ల లోపలి వైపు, మంచం పెట్టె లోపల, టేబుల్ కింద. ఇవన్నీ కలిపితే సుమారు 160 చదరపు అడుగులు వచ్చిందనుకుందాం. అంటే 15 చదరపు మీటర్లు. వార్డ్‌రోబ్ తలుపు తీసి లోపలికి తొంగిచూడండి, ఈ అంకె ఎక్కువేమీ కాదని మీకే తెలుస్తుంది.

బోర్డు ఈ-1 హద్దు కన్నా కాస్త మెరుగైనది, గంటకు 100 మైక్రోగ్రాములు వదులుతుంది అనుకుందాం. అప్పుడు గంటకు గదిలోకి వచ్చేది 1,500 మైక్రోగ్రాములు.

ఇక కిటికీ సంగతి. తలుపు, కిటికీ మూసి స్ప్లిట్ ఏసీ వేసుకున్నాం. మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ గదిలోకే వదులుతుంది. సందుల్లోంచి వచ్చే గాలే దిక్కు. గంటకు 0.3 సార్లు గాలి మారుతోంది అనుకుందాం. 34ను 0.3తో గుణిస్తే 10.2. 1,500ను 10.2తో భాగిస్తే 147. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 100ను దాటేసింది.

అదే గదిలో కిటికీ కొద్దిగా తెరిచి ఉంచి, గంటకు ఒకసారి గాలి మారేలా చూస్తే 1,500ను 34తో భాగించాలి. జవాబు 44.

కిటికీ, ఎదురుగా తలుపు రెండూ తెరిచి, గంటకు మూడుసార్లు మారితే 15 కూడా రాదు.

ఫర్నిచర్ అదే, గది అదే, పిల్లలు వాళ్లే. 147 నుంచి 15కు తెచ్చింది కిటికీ గొళ్లెం.

టీచర్‌గా ఒక మాట చెప్పి తీరాలి. ఇది సులువు చేసిన లెక్క. గదిలో గాఢత పెరిగే కొద్దీ చెక్క నుంచి వాయువు వచ్చే వేగం కొంత తగ్గుతుంది, కాబట్టి మూసిన గదికి ఈ సూత్రం అసలు కన్నా కాస్త ఎక్కువ చూపిస్తుంది. మరోవైపు, బయటి గాలిలో ఉన్నదాన్ని మనం సున్నా అనుకున్నాం. అగరుబత్తీ, దోమల చుట్ట, గ్యాస్ స్టవ్ వదిలే ఫార్మాల్డిహైడ్‌ను కలపలేదు. అందుకని 147 అన్న అంకెను ల్యాబ్ రిపోర్టులా చూడకండి. ఏ నిర్ణయం వల్ల ఎంత తేడా వస్తుందో చూపించే దారి గుర్తుగా చూడండి.

ఇంకో సంగతి, ఈ మట్టం తలుపు వేసిన వెంటనే రాదు. గంటకు 0.3 చొప్పున గాలి మారే గదిలో రాత్రి 9 గంటలకు తలుపు వేస్తే, ఉదయం 6 గంటలకు గాఢత తన చివరి మట్టంలో 93 శాతానికి చేరుతుంది. అంటే పిల్లలు గాఢ నిద్రలో ఉన్న గంటల్లోనే అది మెల్లగా పెరుగుతుంది. కిలో బరువుకు పెద్దల కన్నా పిల్లలే ఎక్కువ గాలి పీలుస్తారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మన ఎండ, మన ఉక్కపోత

బోర్డుకు ఆ పరీక్ష 23 డిగ్రీల దగ్గర జరిగింది. మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏసీ లేని గది 23 డిగ్రీల్లో ఉంటుందా? వేడి సుమారు 7 డిగ్రీలు పెరిగితే ఈ వాయువు వచ్చే వేగం దాదాపు రెట్టింపవుతుంది. పగలంతా ఇల్లు తాళం వేసి ఉంటే, 30 డిగ్రీల గదిలో మన 147 కాస్తా 290 దాటుతుంది. సాయంత్రం పిల్లలు వచ్చి, ఆ గాలి పోకుండానే ఏసీ వేసుకుని పుస్తకాల ముందు కూర్చుంటారు.

తేమ కూడా ఇలాగే పని చేస్తుంది. ఆ బంకను విడగొట్టేది నీరే. విశాఖపట్నం, కాకినాడ, నెల్లూరు వంటి తీర ప్రాంతాల్లో ఉక్కపోత ఎక్కువ కాబట్టి అక్కడి తల్లిదండ్రులు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. జూన్‌లో వానలు మొదలయ్యాక ఇంకో చిక్కు: జల్లు కొడుతుందని కిటికీలు మూసేస్తాం, అదే సమయంలో గదిలో తేమ పెరుగుతుంది. కుళాయి పెద్దదవుతుంది, చిల్లు చిన్నదవుతుంది.

ఈ లెక్క కాగితం మీదే ఉండిపోలేదు

2005లో అమెరికాలో కత్రినా తుపాను వచ్చినప్పుడు ఇళ్లు పోయినవాళ్లకు ప్రభుత్వం ట్రైలర్ ఇళ్లు ఇచ్చింది. చిన్న గదులు, చుట్టూ ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, మూసిన కిటికీలు. సూత్రంలో పైన ఉండాల్సినవి పెద్దవి, కింద ఉండాల్సినవి చిన్నవి. జనం కళ్ల మంటలు, దగ్గు అని ఫిర్యాదు చేశారు. అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2007 డిసెంబర్, 2008 జనవరిల్లో 519 ట్రైలర్లలో గాలిని కొలిచింది. సగటు వంద కోట్ల భాగాల్లో 77 భాగాలు, అత్యధికం 590 భాగాలు. మన కొలతలో చెప్పాలంటే సుమారు 95, 725 మైక్రోగ్రాములు. అదీ చలికాలంలో, ట్రైలర్లు వచ్చి నెలలు గడిచాక.

జపాన్ అయితే ఈ సూత్రాన్ని చట్టంలోనే పెట్టింది. కొత్త ఇళ్లలో చేరినవాళ్లకు తలనొప్పి, కళ్ల మంటలు వస్తున్నాయని చాలా కాలం చర్చ జరిగాక, 2003 జూలై నుంచి నిర్మాణ చట్టాన్ని మార్చారు. నివాస గదుల్లో గంటకు కనీసం 0.5 సార్లు గాలి మార్చే యంత్ర ఏర్పాటు తప్పనిసరి. చదరపు మీటరుకు గంటకు 5 మైక్రోగ్రాములు లేదా అంతకన్నా తక్కువ వదిలే బోర్డును ఎంతైనా వాడుకోవచ్చు. 5 నుంచి 20, 20 నుంచి 120 వదిలే వాటిని నేల వైశాల్యాన్ని బట్టి ఇంతకు మించి వాడకూడదు. 120 దాటితే గది లోపల వాడనే కూడదు. బోర్డు ఎంత వదులుతుంది, ఎంత వైశాల్యం, గాలి ఎంత మారుతుంది? మనం కాగితం మీద వేసిన లెక్కే అక్కడ ఇంటి ప్లాన్‌లో భాగం.

మన గదిలో గాలి ఎంత మారుతోంది?

నాలుగు అంకెల్లో కష్టమైనది ఇదే. దీన్ని ఇంట్లోనే కనిపెట్టే ఉపాయం ఒకటుంది, సెలవుల్లో పిల్లలకు మంచి ప్రాజెక్టు కూడా. కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఒకటి సంపాదించండి. నలుగురూ గదిలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటే అంకె పైకి పోతుంది. తర్వాత అందరూ బయటికొచ్చి, తలుపు, కిటికీ మామూలుగా రాత్రి ఎలా మూస్తారో అలా మూసేయండి. బయటి గాలిలో ఈ వాయువు సుమారు 420 పీపీఎం ఉంటుంది. దానికి పైన ఉన్నది సగం కావడానికి ఎన్ని గంటలు పట్టిందో చూడండి. 0.7ను ఆ గంటలతో భాగిస్తే, గంటకు గాలి ఎన్నిసార్లు మారుతోందో వస్తుంది.

ఉదాహరణకు 1,620 దగ్గర మొదలైంది, రెండు గంటలకు 1,020 అయ్యింది. 420 తీసేస్తే 1,200 నుంచి 600, అంటే సగం. 0.7ను 2తో భాగిస్తే 0.35. అదే పరీక్ష కిటికీ రెండు అంగుళాలు తెరిచి ఇంకోసారి చేయండి. పిల్లలు క్లాసులో నేర్చుకునే అర్ధాయువు భావన వాళ్ల సొంత పడకగదిలోనే కనిపిస్తుంది.

రంగు వేరు, బోర్డు వేరు

చాలామంది ఇక్కడే పొరబడతారు. "పది రోజులు తలుపులు తీసి ఉంచాం, వాసన పోయింది, ఇక ఫర్వాలేదు" అంటారు. రంగుల్లో, టర్పెంటైన్‌లో, కొన్ని బంకల్లో ఉండే ద్రావకాలు ఆరిపోయేవి. ఇవి మొదటి రోజుల్లో చాలా ఎక్కువగా వచ్చి, కొన్ని వారాల్లో బాగా తగ్గిపోతాయి. వీటికి మందు సమయమే. బోర్డులోని బంక అలా కాదు. అది ఆరిపోయే తడి కాదు, నెమ్మదిగా విడిపోయే పదార్థం. కిటికీలు తెరిస్తే గదిలోని గాలి ఒక గంటలో శుభ్రపడుతుంది. గంటకు మూడుసార్లు గాలి మారితే, గంట తర్వాత మిగిలేది పాతదాంట్లో 5 శాతమే. కానీ కిటికీ మూసిన మరుక్షణం నుంచి మళ్లీ నిండడం మొదలవుతుంది.

వాసనను కొలబద్ద చేసుకోవడం కూడా సరికాదు. ఘాటుకు మన ముక్కు కొద్దిసేపట్లోనే అలవాటు పడిపోతుంది. "నాకేం వాసన రావట్లేదే" అని ఆ గదిలో కూర్చున్న పిల్లలు అంటే, గాలి బాగుందని కాదు.

మీరు అడగబోయే ప్రశ్నలు

ఎయిర్ ప్యూరిఫయర్ పెడితే సరిపోదా? దుమ్ము రేణువులను పట్టే హెపా ఫిల్టర్‌కు వాయువు దొరకదు. మామూలు బొగ్గు ఫిల్టర్ కూడా ఫార్మాల్డిహైడ్‌ను సరిగా పట్టుకోలేదు. దుమ్ముకు ప్యూరిఫయర్ పనికొస్తుంది, ఈ సమస్యకు కిటికీనే పనికొస్తుంది.

మొక్కలు పెడితే? 1989లో నాసా చేసిన ప్రయోగం చూసి ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగం. అలాంటి ప్రయోగాలన్నిటినీ 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు సమీక్షించారు. మామూలు ఇంట్లో గాలి మార్పుతో సమానమైన పని మొక్కలు చేయాలంటే, చదరపు మీటరు నేలకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేల్చారు. మనీప్లాంట్ అందానికి పెట్టుకోండి.

కిటికీ తీస్తే దుమ్ము, దోమలు, కరెంటు బిల్లు? ఇవి నిజమైన ఇబ్బందులే. మెయిన్ రోడ్డు పక్క ఇల్లైతే రోడ్డుకు ఎదురుగా కాకుండా వెనక వైపు కిటికీ వాడండి, ట్రాఫిక్ తక్కువగా ఉన్న వేళ చూసుకోండి. దోమలకు మెష్ ఉంది. బిల్లు విషయానికొస్తే, రాత్రంతా బార్లా తెరవమని నేను అనడం లేదు. పిల్లలు బడి నుంచి వచ్చాక ఒక అరగంట ఎదురెదురు కిటికీలు తెరిచి ఫ్యాన్ వేయండి. పడుకునే ముందు ఇంకో పావుగంట. రాత్రి గది తలుపు ఓరగా ఉంచండి, లేదా కిటికీ రెండు అంగుళాలు. ఆ రెండు అంగుళాల విలువ ఎంతో మీ మీటరే చెబుతుంది.

కొనే ముందు

అన్నిటికన్నా చవకైన మందు పని మొదలుకాక ముందే ఉంది. కార్పెంటర్‌తో మాట్లాడేటప్పుడు ఈ నాలుగు అడగండి.

మొదటిది, బోర్డు మీద ఏ ముద్ర ఉంది? ఈ-1 లేదా అంతకన్నా తక్కువ వదిలేదని కంపెనీ ఇచ్చే పరీక్ష పత్రం చూపించమనండి. షాపువాళ్ల నోటి మాట చాలదు.

రెండోది, ఏ బంక? మామూలు ఎంఆర్ గ్రేడ్ ప్లైవుడ్‌లో ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైలో ఫినాల్ రకం బంక వాడతారు. పేరులో ఫార్మాల్డిహైడ్ ఉన్నా, అది గట్టిగా పట్టుకుని ఉంటుంది, గాలిలోకి వదిలేది చాలా తక్కువ. వంటగదికి నీళ్లు తగులుతాయని మెరైన్ ప్లై పెట్టించి, పిల్లల గదికి "అక్కడ నీళ్లు తగలవు కదా" అని చవకది వేయిస్తాం. గాలి లెక్కలో ఇది తలకిందులు.

మూడోది, లోపలి వైపు కప్పుతారా? బయటి ముఖానికి అందమైన సన్‌మైకా వేసి, లోపల పచ్చిగా వదిలేయడం మామూలు. లోపల కూడా లైనర్ వేయించండి, కోసిన అంచులకు ఎడ్జ్ బ్యాండ్ వేయించండి. వాయువు ఎక్కువగా వచ్చేది కోసిన అంచుల నుంచే. మన గదిలో 15 చదరపు మీటర్లు 5కు తగ్గితే, కిటికీ మూసి ఉన్నా 147 కాస్తా 49 అవుతుంది.

నాలుగోది, అసలు ఇంత బోర్డు కావాలా? చుట్టూ నాలుగు గోడలకూ అటక దాకా కప్‌బోర్డులు కట్టించడం ఇప్పటి పద్ధతి. మన అమ్మమ్మల ఇళ్లలో గోడలో కట్టిన అలమరాలు, కడప బండ అరలు ఉండేవి. మూలన ఒక ఇనుప బీరువా ఉండేది. రాయి, ఇనుము ఫార్మాల్డిహైడ్ వదలవు. వాటికి సూత్రంలో విలువ సున్నా. పాతకాలం గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ బట్టలకు ఒక స్టీలు బీరువా, చదువుకు ఒక టేకు బల్ల పెడితే లెక్క ఎంత మారుతుందో ఒకసారి వేసి చూడండి.

పని వేళ కూడా ముఖ్యమే. బడి తెరిచే ముందు వారం రంగులు వేయించకండి. సెలవుల మొదట్లోనే పని ముగించి, పిల్లలు ఊరికి వెళ్లిన రోజుల్లో గది ఆరనివ్వండి. గృహప్రవేశం ముహూర్తం కుదిరిందని రంగు తడి ఆరకముందే పసిబిడ్డతో ఆ గదిలో పడుకోవడం మాత్రం వద్దు. పాలు పొంగించడం ఆ రోజే చేయండి, కాపురం మూడు నాలుగు వారాల తర్వాత పెట్టండి.

మరి మన బడి సంగతి?

ఇంటికి చెప్పిన నీతి బడికి వర్తించకపోతే ఈ వ్యాసానికి విలువ లేదు. మా క్యాంపస్‌లలోనూ వేసవిలోనే రంగులు వేస్తారు, కొత్త బెంచీలు వస్తాయి, ల్యాబ్‌లలో కప్‌బోర్డులు మారతాయి. కొన్ని చోట్ల ఏసీ క్లాస్‌రూమ్‌లు ఉన్నాయి. అడ్మిషన్ సమయంలో "ఏసీ ఉందా?" అని చాలామంది అడుగుతారు. "ఆ గదిలోకి బయటి గాలి ఎలా వస్తుంది?" అని ఎవరైనా అడగడం నేను వినలేదు. నలభై మంది పిల్లలు కూర్చునే గదిలో మొదట అడగాల్సింది ఆ రెండో ప్రశ్న. ఇక్కడ బెంచీలతో పాటు పిల్లల ఊపిరి కూడా కుళాయే.

టీచర్‌గా నా ప్రతిపాదనలు ఇవి. ఇవి నా అభిప్రాయాలు మాత్రమే, యాజమాన్యం నిర్ణయాలు కావు. ఒకటి, రంగు, చెక్క పనులన్నీ మే మొదటి సగంలోనే ముగించాలి. జూన్‌లో పిల్లలు వచ్చేసరికి గదులు కనీసం నాలుగు వారాలు కిటికీలు తెరిచి ఉండాలి. రెండు, కొత్త ఫర్నిచర్ ఆర్డర్‌లో ధరతో పాటు బోర్డు పరీక్ష పత్రం కూడా తప్పనిసరి చేయాలి. మూడు, ఏసీ ఉన్నా లేకున్నా ప్రతి పీరియడ్ మారేటప్పుడు ఐదు నిమిషాలు కిటికీలు తెరవాలి. నాలుగు, ప్రతి క్యాంపస్‌లో ఒక కార్బన్ డయాక్సైడ్ మీటర్ కొని, సైన్స్ క్లబ్ పిల్లల చేత నెలకోసారి గదుల్లో కొలిపించి, ఆ అంకెలను నోటీసు బోర్డు మీద పెట్టాలి. వీటిలో ఏదీ ఫీజు పెంచాల్సినంత ఖర్చు కాదు.

వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కుల గురించి అడిగాక, ఇంకో రెండు నిమిషాలు ఈ ప్రశ్నలు కూడా అడగండి. అడిగేవాళ్లు ఉంటేనే ఏ సంస్థలోనైనా ఇలాంటి పనులు జరుగుతాయి. మీరు అడిగితే మాలాంటి టీచర్లకూ బలం.

ఈలోగా ఒక పని చేయండి. ఈ ఆదివారం టేపు తీసుకుని పిల్లలతో కలిసి వాళ్ల గది కొలవండి. కప్పని చెక్క ఎంతో కూడండి. సూత్రంలో వేయండి. జవాబు 100 కన్నా తక్కువ వస్తే మంచిదే, కిటికీ అలవాటు మాత్రం మానకండి. ఎక్కువ వస్తే, ముందు లేచి కిటికీ తెరవండి. తర్వాత కార్పెంటర్‌కు ఫోన్ చేసి, అరల లోపల లైనర్ వేయడానికి ఎంతవుతుందో కనుక్కోండి.